గుండె పరిశోధనలో మన రోగి ఎక్కడ?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఏటా సెప్టెంబరు 29న ప్రపంచ గుండె దినం వస్తే పత్రికలన్నీ ఒక పేజీ గుండెకు వదులుతాయి. నూనె తగ్గించండి, నడవండి, సిగరెట్టు మానండి. మంచి మాటలే. అయితే ఈ సలహాలూ, వాటి వెనకున్న మందుల మోతాదులూ ఎవరి మీద పరీక్షించి తేల్చారు, ఉదయగిరి వ్యవసాయ కూలీకీ కొత్తపట్నం మత్స్యకారుడికీ అవి ఎంతవరకు వర్తిస్తాయి అన్న సంగతి మాత్రం ఎక్కడా కనపడదు. గుండె జబ్బులతో, వాటి లెక్కలతో రోజూ పనిపడే వాళ్లం కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాం. పొడుగైందనుకుంటే కత్తిరించండి, అంకెలు మాత్రం ఉంచండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో గుండె, రక్తనాళాల జబ్బులతో కోటీ 79 లక్షల మంది చనిపోయారు. ప్రతి నలుగురిలో ముగ్గురికి పైగా పేద, మధ్యాదాయ దేశాల వాళ్లే. పరిశోధనకు పెట్టే డబ్బు మాత్రం అటు పోదు. ఆరోగ్య పరిశోధనపై వేసిన ఒక అంతర్జాతీయ కమిషన్ 1990లోనే లెక్క తీసింది. నివారించదగ్గ మరణాల భారంలో 93 శాతం వర్ధమాన దేశాలది, వాటి సమస్యల మీద పెడుతున్న పరిశోధన ఖర్చు 5 శాతం. ఆ తర్వాత చైనా, ఇండియా, బ్రెజిల్ సొంత డబ్బు పెట్టడం మొదలయ్యాక కొంత మారింది. కానీ ఏ ప్రశ్న అడగాలి, ఏ మందును దేనితో పోల్చాలి అన్నది ఇప్పటికీ ఎక్కువగా సంపన్న దేశాల్లోనే తేలుతోంది.

గుండె జబ్బుకు రిస్కు లెక్కగట్టే పద్ధతి పుట్టింది అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో. 1948లో 5,209 మందిని తీసుకుని ఏళ్ల తరబడి వెంబడించారు. దాదాపు అందరూ తెల్లవాళ్లే. బీపీ, కొలెస్టరాల్, పొగ గుండెకు చేటని గట్టిగా రుజువు చేసింది ఆ అధ్యయనమే, దాన్ని తక్కువ చేసేదేం లేదు. చిక్కల్లా ఆ ఊరి లెక్కను అన్ని ఊళ్లకూ పూయడంలో ఉంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 21 ప్రాంతాలకు విడివిడిగా చార్టులు ఇచ్చింది, దక్షిణాసియాకూ ఒకటుంది. రక్త పరీక్ష చేయలేని చోట వయసు, ఆడామగా, పొగ అలవాటు, పై బీపీ, ఎత్తుకు తగ్గ బరువు తెలిస్తే చాలు, పీహెచ్‌సీ గోడకు తగిలించి వాడుకోవచ్చు. వాడుకోవాలి కూడా. కానీ ఆ చార్టుకు పునాదైన 85 అధ్యయనాలు ఎక్కువభాగం సంపన్న దేశాలవే. మన ప్రాంతపు జబ్బు అంచనాలతో వాటిని సర్దారు. ఆ అంచనాలకు ఆధారం మనం రాసే మరణ కారణాలు. అవెలా రాస్తున్నామో కిందకొచ్చాక చెబుతాం.

ఇలా సర్దినంత మాత్రాన చాలదని ప్యూర్ అనే పెద్ద అధ్యయనం చూపించింది. భారత్ సహా 17 దేశాలు, లక్షా 56 వేల మంది. 2014లో వచ్చిన ఫలితం చూసి చాలామంది ముక్కున వేలేసుకున్నారు. బీపీ, షుగరు, పొగ, తిండి అన్నీ కలిపి వేసిన రిస్కు స్కోరు సంపన్న దేశాల్లోనే ఎక్కువ, పేద దేశాల్లో తక్కువ. గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ఘటనలు మాత్రం ఏడాదికి వెయ్యి మందిలో అక్కడ 3.99, పేద దేశాల్లో 6.43. జబ్బు మీద పడ్డాక ప్రాణం పోయింది అక్కడ 6.5 శాతానికి, ఇక్కడ 17.3 శాతానికి. ఆస్పత్రి ఎంత దూరం, అంబులెన్సు ఎప్పుడొస్తుంది, మందు రెండో నెల కూడా కొనగలరా అన్నవి స్కోరులో ఉండవు మరి. అదే అధ్యయనం 2011లో ఇంకో అంకె చెప్పింది. ఒకసారి గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లలో, ఆస్పిరిన్, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్, బీపీ మందుల వంటి వాటిలో ఒక్కటి కూడా వాడనివాళ్లు పేద దేశాల్లో 80 శాతం, సంపన్న దేశాల్లో 11 శాతం. ఇవన్నీ పేటెంట్లు తీరిపోయిన చవక మందులు. కొత్త మందు అణువు కనిపెడతామంటే కోట్లు దొరుకుతాయి. ఉన్న మాత్రను గిద్దలూరు దాటి ఉన్న పల్లెలో మనిషి ఐదేళ్ల పాటు మానకుండా వేసుకునేలా చేయడం ఎలా అని పరిశోధిస్తామంటే ఇచ్చేవాళ్లు ఉండరు.

అసలు విషయానికొస్తాం. పరిశోధనలో ఈ ఎగుడుదిగుడు అన్నిటికన్నా కొట్టొచ్చినట్టు కనపడేది రుమాటిక్ వాల్వు జబ్బులో. వాల్వులంటే గుండెలో రక్తం వెనక్కి పోకుండా ఆపే తలుపులు. చిన్నప్పుడు స్ట్రెప్టోకాకస్ బాక్టీరియాతో గొంతు నొప్పి, జ్వరం వస్తాయి. రెండు మూడు వారాలకు మోకాలు, చీలమండ, మోచెయ్యి ఒకదాని తర్వాత ఒకటి వాచి వాటంతటవే తగ్గుతాయి. ఇంట్లోవాళ్లు మరిచిపోతారు. కీళ్లు బాగవుతాయి, వాల్వులు మాత్రం లోపల్లోపల మందమై అతుక్కుంటూ పోతాయి. పాతికేళ్లకో, తొలి కాన్పుకో ఆయాసంతో బయటపడుతుంది. ప్రపంచంలో సుమారు 4 కోట్ల మందికి ఈ జబ్బు ఉందని, ఏటా 3 లక్షల మంది దాకా చనిపోతున్నారని అంచనా. ఇరుకిళ్లు, గొంతు నొప్పికి వైద్యం అందకపోవడం దీనికి మూలం. అమెరికాలోనూ ఒకప్పుడు బాగా ఉండేది. గొంతు నొప్పికి పెన్సిలిన్ ఇస్తే రుమాటిక్ జ్వరం రాదని తేల్చింది 1950 ప్రాంతంలో వాళ్ల సైనిక శిబిరంలో జరిగిన పరిశోధనే. తర్వాత అక్కడ ఇళ్లు మెరుగుపడ్డాయి, జబ్బు పోయింది. జబ్బుతో పాటు పరిశోధన మీద ఆసక్తీ పోయింది. జబ్బు ముదరకుండా ఇవాళ మనం వాడే బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ 1950ల నాటిదే. టీకా ఇంతవరకు లేదు.

ఆ ఇంజెక్షన్ వేసే గదిలో కాసేపు నిలబడితే పరిశోధన కొరత అంటే ఏమిటో కళ్లకు కడుతుంది. 27 కిలోలు దాటినవారికి 12 లక్షల యూనిట్లు, అంతకు తక్కువుంటే 6 లక్షలు, మూడు లేదా నాలుగు వారాలకోసారి, కండలోకి లోతుగా వేయాలి. పొడిలో నీళ్లు పోస్తే కరగదు, పలచటి సున్నంలా తెల్లగా తేలుతుంది. కలిపి పక్కన పెడితే అడుగుకు దిగి గట్టిపడుతుంది. సన్న సూది పెడితే సగంలో పూడుకుపోతుంది. మళ్లీ సూది మార్చి మళ్లీ గుచ్చాలి. మందు కొంత సిరంజిలోనే ఉండిపోతుంది, పిల్లాడు ఏడుస్తాడు, వచ్చే నెల తల్లి తీసుకురాదు. 21 గేజి సూది వాడటం, కలిపిన వెంటనే వేయడం, మధ్యలో ఆపకుండా ఒకే ఒత్తిడితో నిదానంగా ఎక్కించడం, ఈ మూడూ పాటిస్తే చాలావరకు ఈ బాధ ఉండదు. డాక్టరు చెబితే నొప్పి తగ్గేందుకు లిగ్నోకెయిన్ అనే మత్తుమందు కలపవచ్చు. ఇంకో సంగతి తప్పకుండా తెలియాలి. ఇంజెక్షన్ వేసిన కాసేపటికే జరిగిన కొన్ని మరణాలను అందరూ పెన్సిలిన్ అలెర్జీ అనుకున్నారు. వాల్వు దారి బాగా సన్నబడి ఆయాసంతో ఉన్న రోగుల్లో అవి చాలావరకు గుండె తట్టుకోలేక జరిగినవి కావచ్చని, అలాంటివారికి నోటి మాత్రలు మేలని 2022లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ హెచ్చరించింది. మిగతావాళ్లకైనా ఏదైనా తినిపించి, నీళ్లు తాగించి, పడుకోబెట్టి వేయాలి. ఖాళీ కడుపుతో ఎండలో బస్సు దిగి వచ్చిన పిల్లను నిలబెట్టి వేయకూడదు.

నాలుగో వారం వచ్చేసరికి చాలామంది రక్తంలో ఈ మందు ఉండాల్సిన మట్టం కన్నా కిందకు పడిపోతుంది. అందుకే జబ్బు ఎక్కువున్న చోట మూడు వారాలకోసారి అంటారు. మూడు నెలలు నిలిచే ఇంజెక్షన్ చేయలేరా అంటే, ఆ దిశగా పని మొదలైందే ఈమధ్య. దీని ముడిసరుకు తయారుచేసేది చైనాలోని గుప్పెడు ఫ్యాక్టరీలు. లాభం తక్కువ కాబట్టి కొత్తవాళ్లు రారు. అక్కడ ఒక ఫ్యాక్టరీ ఆగితే ఇక్కడ మందుల షాపులో 'స్టాకు లేదండీ' అంటారు.

సరైన ప్రశ్న అడిగితే పేద దేశంలో కూడా ఎంత చక్కటి జవాబు వస్తుందో ఉగాండా చూపించింది. ధ్వని తరంగాలతో గుండెను చూసే ఎకో పరీక్షలో తొలిదశ వాల్వు మార్పు మాత్రమే ఉండి, లక్షణాలేవీ లేని 818 మంది పిల్లలను తీసుకున్నారు. రెండేళ్లపాటు నెలనెలా పెన్సిలిన్ వేసినవాళ్లలో జబ్బు ముదిరింది 0.8 శాతం మందిలో, వేయనివాళ్లలో 8.2 శాతం మందిలో. 2021లో వచ్చిందీ ఫలితం. మరి మన బడుల్లో పిల్లల ఆరోగ్య పరీక్షలకు స్టెతస్కోపే దిక్కు. కంబోడియా, మొజాంబిక్ బడిపిల్లల మీద 2007లో వచ్చిన అధ్యయనంలో స్టెతస్కోపుతో వెయ్యికి ఇద్దరు చొప్పున దొరికారు, ఎకో పెట్టి చూస్తే వెయ్యికి 21 నుంచి 30 మంది. చేత్తో పట్టుకునే ఎకో మిషన్లు ఇప్పుడున్నాయి. ఇక్కడి బడుల్లో ఏ అంకె వస్తుందో చూడటానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు.

వాల్వు సన్నబడ్డవాళ్లలో గుండె లయ తప్పి, లోపల రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. అది రాకుండా రక్తం పలచబడే మందు వేస్తారు. పాతవి వార్ఫరిన్, అసిట్రోమ్. వీటికి నెలనెలా, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష ఉండాలి. 2009 ప్రాంతం నుంచి పరీక్ష అక్కర్లేని కొత్త రకం మందులు వచ్చాయి. వేల మంది మీద పెద్ద పెద్ద ట్రయల్స్, అంటే రోగుల మీద మందులను పోల్చి చూసే పరీక్షలు, జరిగాయి, వాటిలో చేరినవాళ్లు చాలావరకు డెబ్బై చుట్టుపక్కల వయసువాళ్లు. వాల్వు బాగా సన్నబడ్డవాళ్లను ఆ ట్రయల్స్‌లో చేర్చుకోనే లేదు. చేర్చుకోకపోయినా, దూరాభారపు రోగులకు పరీక్ష బాధ తప్పుతుందని చాలామంది డాక్టర్లు వాల్వు రోగులకూ కొత్త మందు రాయడం మొదలుపెట్టారు. ఆలోచనగా చూస్తే సబబే అనిపిస్తుంది.

చివరకు ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాల్లోని 24 దేశాల్లో ఇన్విక్టస్ అనే ట్రయల్ జరిగింది. ఢిల్లీ ఎయిమ్స్ గుండె వైద్య నిపుణులు గణేశన్ కార్తికేయన్ దాన్ని నడిపిన ముఖ్యుల్లో ఒకరు. రోగుల సగటు వయసు యాభై, మూడొంతుల దాకా ఆడవాళ్లు. కొత్త మందు రివరాక్సబాన్ వేసిన 2,275 మందిలో పక్షవాతం, గుండెపోటు, మరణం లాంటివి 560 మందికి, పాత మందు వేసిన 2,256 మందిలో 446 మందికి. పాత మందే గెలిచింది, అదీ ప్రాణాలు నిలపడంలో. 2022లో ఈ ఫలితం వచ్చినప్పుడు ఎదురుచూసినవాళ్లు తక్కువ. తేడా ఎక్కువగా పక్షవాతంలో కన్నా హఠాన్మరణాల్లో, గుండె బలహీనపడి పోయినవాళ్లలో కనిపించింది. ఐఎన్ఆర్ కోసం నెలనెలా ఆస్పత్రి గడప తొక్కడమే కొంత కాపాడిందా అన్న చర్చ కూడా జరిగింది. ఈ ట్రయల్ జరగకపోయి ఉంటే, సంపన్న దేశపు వృద్ధుల లెక్క చూసి మన యాభై ఏళ్ల ఆడమనిషికి తప్పు మందు రాస్తూనే ఉండేవాళ్లం. ఇది కూడా నడిచింది కెనడాలోని కేంద్రం నుంచి, బేయర్ కంపెనీ డబ్బుతో. బేయర్ అంటే ఆ కొత్త మందు కంపెనీయే. దానికి ఎదురు ఫలితాన్ని దాచకుండా ప్రచురించినందుకు మెచ్చుకోవాలి. మన ప్రశ్న అడగడానికి మాత్రం వాళ్ల డబ్బే కావలసివచ్చింది.

కాబట్టి మార్కాపురం వైపునో, ఉదయగిరి వైపునో ఉన్న వాల్వు రోగికి అసిట్రోమే సరైన మందు. దాన్ని సరిగా వాడించడమే ఇక్కడి పని. వాల్వు సన్నబడి లయ తప్పినవాళ్లకు ఐఎన్ఆర్ 2, 3 మధ్య ఉండాలి. గుండె ఎడమ భాగంలో ఉండే మైట్రల్ వాల్వు చోట లోహపు వాల్వు వేసినవాళ్లకు 2.5 నుంచి 3.5. నీలం మూత ట్యూబులో గీత వరకు రక్తం నింపాలి. ట్యూబులో ముందే ఉండే, రక్తం గడ్డకట్టనివ్వని మందు ఒక పాలుకు రక్తం తొమ్మిది పాళ్లు ఉండేలా ఆ గీత పెట్టారు. నరం దొరకలేదని సగం ట్యూబు నింపి పంపితే ఐఎన్ఆర్ లేనిది ఎక్కువ చూపిస్తుంది, డాక్టరు మోతాదు తగ్గిస్తారు, వారం తిరక్కుండా పక్షవాతంతో వస్తారు. ఆకుకూరలు మానేయమని చెప్పడం ఇంకో పొరపాటు. తోటకూర, మునగాకు మానక్కర్లేదు, వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే మందు దానికి సర్దుకుంటుంది. నెలంతా మాని పండగకు ఒక్కసారి తింటేనే చిక్కు. నీళ్ల విరేచనాలకు మెట్రోనిడజోల్, ఒంటికి తామర అని ఫ్లూకనజోల్ ఎవరో ఇస్తే ఐఎన్ఆర్ అమాంతం పెరిగి రక్తం కారుతుంది. టీబీ మందు రిఫాంపిసిన్ దీనికి సరిగ్గా తిరగబడి పనిచేస్తుంది, అసిట్రోమ్ ఎంత పెంచినా అందదు. వాల్వు జబ్బు, టీబీ కలిసి ఉన్న రోగి న్యూయార్కులో అరుదు. మన దగ్గర అరుదు కాదు. ఆ రోగికి మోతాదు ఎలా నడపాలన్న దాని మీద పెద్ద ట్రయల్ ఒక్కటీ కనపడదు.

గుండెపోటు సంగతీ ఇంతే. 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన క్రియేట్ రిజిస్ట్రీ (రోగుల వివరాల నమోదు) మన దేశంలో 89 ఆస్పత్రుల్లో 20,468 మందిని నమోదు చేసింది. నొప్పి మొదలైన దగ్గర్నుంచి ఆస్పత్రి చేరడానికి సగటు రోగికి 360 నిమిషాలు, అంటే ఆరు గంటలు పట్టింది. గుండె నాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ టెనెక్టెప్లేజ్ మీద పేరుమోసిన స్ట్రీమ్ ట్రయల్‌లో చేర్చుకున్నది మూడు గంటల లోపు వచ్చినవాళ్లను. మన రోగి ఆ ట్రయల్ గుమ్మం దాకా కూడా పోలేడు. పైగా ఇండియా, చుట్టుపక్కల దేశాల్లో తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తుందని, మిగతా దేశాల్లో 58.8 అని ఇంటర్‌హార్ట్ అధ్యయనం తేల్చింది. టెనెక్టెప్లేజ్ మోతాదు బరువును బట్టి ఉంటుంది. 60 కిలోల లోపు 30 మి.గ్రా., ఆపైన ప్రతి పది కిలోలకు 5 పెంచుతూ 90 దాటితే 50. డెబ్బై ఐదేళ్లు దాటితే అందులో సగం. రోగిని తూచకుండా 'అరవై అయిదు ఉంటాడులే' అనుకుని ఎక్కిస్తే, 52 కిలోల మనిషి మెదడులో రక్తస్రావానికి దారి తీయవచ్చు. మన రాష్ట్రంలోనూ స్టెమీ (గుండె నాళం పూర్తిగా మూసుకుపోయి వచ్చే గుండెపోటు) పేరుతో చిన్న ఆస్పత్రుల్లోనే ఈ ఇంజెక్షన్ ఇచ్చే కార్యక్రమం నడుస్తోంది, మంచి పని. నెల్లూరు పక్కనే ఉన్న తమిళనాడు ఇలాంటి ఏర్పాటు చేసి ఊరుకోలేదు, ముందూ వెనకా 2,420 మంది రోగుల వివరాలు రాసి 2017లో ప్రచురించింది. ఏడాదిలోపు మరణాలు 17.6 శాతం నుంచి 14.2కి దిగాయి. ఆ లెక్క రాయడం వల్లే ఆ ఏర్పాటుకు ప్రపంచంలో గుర్తింపు వచ్చింది. ఇక్కడా ప్రతి రోగికి నాలుగు సమయాలు రాస్తే చాలు. నొప్పి మొదలైంది ఎప్పుడు, తొలి ఆస్పత్రిలో అడుగుపెట్టింది ఎప్పుడు, ఈసీజీ తీసింది ఎప్పుడు, సూది వేసింది ఎప్పుడు. గడియారం చూసి రాయాలి, తర్వాత గుర్తుతెచ్చుకుని కాదు.

ఉప్పు గురించి ఒక మాట. అమెరికాలో తినే ఉప్పులో 70 శాతం దాకా ప్యాకెట్ల తిండి, హోటల్ తిండి నుంచి వస్తుంది. అందుకే వాళ్ల సలహా, ప్యాకెట్ మీద చదువుకోండి అని. ఇస్కపల్లి ఉప్పు మడుల జిల్లాలో ఉప్పు వచ్చేది వంటింటి డబ్బాలోంచి, ఊరగాయ జాడీలోంచి, ఎండు చేపల్లోంచి. మనకు దగ్గరి జవాబు చైనా పల్లెల నుంచి వచ్చింది. 600 గ్రామాల్లో 20,995 మంది. సగం ఊళ్లకు మామూలు ఉప్పు బదులు, నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. ఐదేళ్లకు పక్షవాతం 14 శాతం, మరణాలు 12 శాతం తగ్గాయి. 2021లో వచ్చిన ఈ ఫలితం చూసి ఇక్కడా పంచేద్దామని అనిపించడం సహజం. ఆగాలి. ఆ అధ్యయనంలో తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లను చేర్చుకోలేదు. కనిగిరి చుట్టుపక్కల కిడ్నీ జబ్బులు ఎప్పటి నుంచో ఉన్న బాధ, తమకు జబ్బుందని తెలియనివాళ్లూ వాళ్లలో ఉంటారు. కిడ్నీ పనిచేయనివాడికి పొటాషియం బయటకు పోదు. దానికి తోడు బీపీకి టెల్మిసార్టాన్ వేసుకుంటుంటే ఇంకా పెరుగుతుంది. పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు ముందు చేసి, రెండు మూడు వారాలకు మళ్లీ చేసి, మండలానికి కొన్ని ఊళ్లలో చూసి తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. చైనా వాళ్లకు ఈ ప్రశ్న రాలేదు. మనం అడక్కపోతే ఇంకెవరూ అడగరు.

జన్యువుల విషయం పొడుగు చేయం. దక్షిణాసియా వాసుల్లో దాదాపు 4 శాతం మందిలో గుండె కండరానికి చెందిన ఒక జన్యువులో 25 అక్షరాల ముక్క లేదని, దానివల్ల పెద్ద వయసులో గుండె బలహీనపడే ప్రమాదం ఉందని 2009లో తేలింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు వెతికారు కాబట్టి దొరికింది. ఐరోపా రక్తం ఎంత పరీక్షించినా అది దొరికేది కాదు.

ఇప్పుడు మన వైపు తప్పులు. పరిశోధన అంటే ముందు నిజాయితీగా కొలవడం. బీపీ చూసేముందు రోగిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, పాదాలు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, లావు చేతికి పెద్ద పట్టీ కట్టాలి, అరగంట ముందు టీ, బీడీ ఉండకూడదు, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. ఇది జరుగుతోందో లేదో కార్యాలయంలో కూర్చునే పట్టుకోవచ్చు. డయల్ మిషన్‌లో రెండేసి అంకెల తేడాతో చదువుతారు కాబట్టి, నిజంగా చూసి రాస్తే చివర సున్నా వచ్చేది ఐదింట ఒకసారి. డిజిటల్ మిషన్ అయితే పదింట ఒకసారి. ఎన్‌సీడీ (బీపీ, షుగరు లాంటి అంటని జబ్బుల) రిజిస్టరు తీసి వరసగా వంద ఎంట్రీలు చూడండి. 120/80, 130/80, 140/90 తప్ప ఇంకేం కనపడకపోతే అక్కడ కొలత జరగలేదు. 136 ఉన్నవాడు 140 అయి జీవితాంతం మాత్ర మింగుతాడు, 146 ఉన్నవాడు కూడా 140 అయి 'కొంచెమే ఉందిలే' అనిపించుకుని ఇంటికి పోతాడు. ఆశా, ఏఎన్ఎంలను తిట్టి లాభం లేదు. రోజుకు ఇంతమందిని చూడాలని టార్గెట్ పెట్టి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టే వ్యవధి ఇవ్వకపోతే ఎవరైనా అదే రాస్తారు.

మరణ కారణం ఇంకా అన్యాయం. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతం. ధ్రువీకరించిన చోట కూడా చాలా ఫారాల్లో 'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్' అని ఉంటుంది. గుండె ఆగకుండా ఎవరూ చనిపోరు కదా. అలా రాయొద్దని ఫారం మీదే అచ్చేసి ఉంది. ఆస్పత్రి మరణానికి ఫారం 4, ఇంట్లో మరణానికి 4ఎ. మొదటి భాగం మొదటి వరసలో వెంటనే ప్రాణం తీసింది, కింది వరసల్లో దానికి దారితీసింది, అట్టడుగున మూలకారణం, ఒక్కోదాని పక్కన ఎంతకాలంగా ఉందో రాయాలి. ఉదాహరణకు, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, 6 గంటలు. మైట్రల్ వాల్వు సన్నబడటం, 8 ఏళ్లు. రుమాటిక్ గుండె జబ్బు, 20 ఏళ్లు. రెండో భాగంలో రక్తహీనత, కాన్పు జరిగి ఎన్ని రోజులైంది లాంటివి. ఇలా రాస్తే ఆ మరణం రుమాటిక్ జబ్బు ఖాతాలో పడుతుంది, 'అరెస్ట్' అని రాస్తే ఏ ఖాతాలోనూ పడదు. 2023లో జనన మరణాల నమోదు చట్టం సవరించాక ఈ పత్రం నకలు ఒకటి దగ్గరి బంధువుకూ ఇవ్వాలి. అడిగి తీసుకోండి. ఇంట్లో చనిపోయినవాళ్ల విషయంలో ఉభయ గోదావరి జిల్లాల పల్లెల్లో 2004 నాటికే దారి చూపారు. 45 ఊళ్లలో ఏడాదిలో జరిగిన 1,354 మరణాలకు ఇంటింటికీ పోయి, లక్షణాలు అడిగి, కారణం కట్టారు. 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులేనని తేలింది. పల్లెల్లో ఇంకా అంటురోగాలే ముఖ్యమనుకుంటున్న రోజుల్లో అది పెద్ద కుదుపు. పినాకిని ఇవతల అలాంటిది ఒకటి జరగాలి.

ఎవరైనా గుండె మందుల ట్రయల్‌లో చేరమని అడిగితే భయపడక్కర్లేదు, కానీ కొన్ని అడగాలి. ట్రయల్ సీటీఆర్ఐలో (దేశంలో జరిగే ట్రయల్స్ నమోదయ్యే ప్రభుత్వ జాబితా) నమోదైందా, నంబరెంత, తెలుగులో సమ్మతి పత్రం ఏది, హాని జరిగితే పరిహారం ఎవరిస్తారు, ట్రయల్ ముగిశాక ఆ మందు నాకు దొరుకుతుందా. చివరి ప్రశ్నే ముఖ్యం. మన రోగుల మీద పరీక్షించిన మందు మన షాపులో మనం కొనలేని ధరకు రావడం కొత్తేం కాదు.

డబ్బు అడిగే ముందు డబ్బు లేకుండా అయ్యే పని ఒకటుంది. ఎండీ చదివే ప్రతి పీజీ విద్యార్థీ థీసిస్ రాయాలి. ఒక్కో కాలేజీలో ఒకరు యాభై మంది రోగులతో, ఇంకొకరు వందమందితో, ఒకరికొకరు సంబంధం లేకుండా రాస్తారు. బైండు చేసిన ఆ పుస్తకాలు లైబ్రరీ బీరువాల్లో ఉండిపోతాయి. విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం తలుచుకుంటే, వాల్వు జబ్బు మీద రాసే విద్యార్థులందరికీ ఒకే వివరాల పట్టిక ఇవ్వొచ్చు. వయసు, మండలం, చిన్నప్పుడు కీళ్ల జ్వరం, ఎకోలో వాల్వు వైశాల్యం, పెన్సిలిన్ ఇంజెక్షన్లు ఏడాదికి ఎన్ని పడ్డాయి, గత మూడు ఐఎన్ఆర్‌లు, కాన్పులు, టీబీ చరిత్ర, ఇంటి నుంచి ఆస్పత్రికి దూరం. ఒంగోలు, నెల్లూరు, తిరుపతి, గుంటూరు కాలేజీల నుంచి రెండేళ్లలో వచ్చేవి కలిపితే, ఏ విదేశీ నిధీ లేకుండా వందల మంది రోగుల రిజిస్ట్రీ తయారవుతుంది. ప్రభుత్వ కాలేజీలకు వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం కింద 2025 నుంచి విదేశీ పత్రికలు చదువుకునే వీలొచ్చింది. వాటిలో ప్రచురించడానికి వేల డాలర్లు అడుగుతారు, అది వేరే పోరాటం. ఈ ఏడాది చేరే పీజీల థీసిస్ ప్రతిపాదనలు ఎథిక్స్ కమిటీల ముందుకు వచ్చే లోపే ఆ పట్టిక ఖరారు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

ఇట్లు,
ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో పనిచేస్తున్న కొందరు ఫిజీషియన్లు, కమ్యూనిటీ మెడిసిన్ అధ్యాపకులు
ఒంగోలు